గ్రుయేర్‌కి ఒక రాత్రి, రెండు ఉదయాలు

మనవాళ్ళ స్విట్జర్లాండ్ ప్యాకేజీల్లో టిట్లిస్, యుంగ్‌ఫ్రావ్ మంచుకొండలు ఎలాగూ ఉంటాయి. అదే పేరున్న చీజ్‌కి పుట్టిల్లైన కొండ ఊరు గ్రుయేర్ ఉంటే అదృష్టం. ఉన్నా మధ్యాహ్నం భోజనానికి బస్సు ఆపే ఊరుగానే ఉంటుంది. చీజ్ తయారీ చూడ్డానికి అంతకన్నా పనికిరాని వేళ మరొకటి లేదు. పాలు రాత్రివి, తెల్లవారుజామువి కలిపి వస్తాయి, పనంతా పొద్దున్నే అయిపోతుంది. భోజనాల వేళ దాటాక వెళ్తే కడిగేసిన కాగులు, తడి నేల చూసి రావాల్సిందే. అందుకే ఈ ప్రాంతానికి ప్లాన్ వేసేటప్పుడు ఎన్ని చోట్లు తిరుగుతాం అన్నదానికన్నా ఎన్ని ఉదయాలు దొరుకుతాయి అన్నది ముందు లెక్క వేసుకోవాలి.

చూడదగ్గ తయారీ కేంద్రాలు రెండు. ఒకటి ప్రాంజీలో, గ్రుయేర్ రైల్వే స్టేషన్‌కి ఎదురుగానే ఉన్న 'లా మేజోన్ ద్యు గ్రుయేర్'. ఇది ఏడాది పొడవునా నడిచే డెయిరీ, సందర్శకులు అద్దాల వెనక నుంచి చూస్తారు. రెండోది మొలెజాన్ కొండ వాలులో ఉన్న పాత చెక్క ఇల్లు. అక్కడ వేసవి నెలల్లోనే, కట్టెల పొయ్యి మీద, రోజుకి ఒక్కసారి చేసి చూపిస్తారు. రెండూ ఉదయం పనులే. ఒకే రోజు రెండూ పూర్తిగా చూడాలని పరిగెత్తితే రెండూ సగం సగమే దక్కుతాయి. ఒక రాత్రి ఉండి రెండు ఉదయాలు వాడుకోవడం ఒకటే తీరికైన పద్ధతి. ఒక్క పూటే ఉంటే ఏది ఎంచుకోవాలో కింద చెప్తాను.

ముందు దారి సంగతి. బెర్న్ లేదా ఫ్రిబూర్ వైపు నుంచి వస్తే బ్యూల్ దాకా మామూలు రైలు, అక్కడ దిగి మోంబొవోన్ వెళ్ళే చిన్న లైను రైలు ఎక్కితే పది నిమిషాల లోపే గ్రుయేర్. లోజాన్, జెనీవా నుంచి వచ్చేవాళ్ళకి పలేజ్యూ దగ్గర మారడం సులువు. మోంత్రో, ఇంటర్‌లాకెన్ వైపు నుంచి కొండల మీదుగా వచ్చే రైలైతే మోంబొవోన్‌లో మారాలి. అది నిదానంగా సాగుతుంది కానీ దారి పొడుగునా చూడ్డానికి బాగుంటుంది. చిన్న లైను రైళ్ళు దాదాపు గంటకొకటి. ఒకటి తప్పితే ఉదయంలో గంట పోయినట్టే, కాబట్టి బ్యూల్‌లో కాఫీ కోసం ఆగొద్దు. స్విస్ ట్రావెల్ పాస్ ఉంటే ఈ రైళ్ళు, బస్సులు అందులోకే వస్తాయి, కోట ప్రవేశం కూడా. జర్మనీలో చదువుకునేవాళ్ళకి వేరే వీసా అక్కర్లేదు, షెంగెన్ పరిధిలోదే. డబ్బు మాత్రం యూరో కాదు, ఫ్రాంకు.

ఇంకో తికమక ఉంది. స్టేషన్ కొండ కింద ఉంది, కోటగోడల ఊరు కొండ మీద ఉంది. దిగగానే ఎదురుగా కనిపించేది డెయిరీ. ఊళ్ళోకి నడిస్తే పావుగంట, ఇరవై నిమిషాల ఎక్కుడు, బస్సూ ఉంది. చాలామంది సామాను ఈడ్చుకుంటూ ముందు పైకెక్కి, కోట చూసి, ఫోటోలు దిగి, పన్నెండు దాటాక డెయిరీకి దిగొస్తారు. వరస తిరగెయ్యాలి. ముందు డెయిరీ, తర్వాత ఊరు.

ఇక ప్రాంజీ డెయిరీ. టికెట్ ఏడెనిమిది ఫ్రాంకుల్లో ఉంటుంది. దాంతో ఒక ఆడియో గైడ్, మూడు చీజ్ ముక్కల చిన్న ప్యాకెట్ ఇస్తారు. ఆడియో గైడ్‌లో కథ చెప్పేది సరీజ్ అనే ఆవు. పిల్లలు చెవికి అతికించుకుని వదలరు. పెద్దవాళ్ళకి కాసేపటికి ఆ ముద్దుమాటలు విసుగనిపించొచ్చు కానీ మధ్యలో వచ్చే లెక్కలు మాత్రం వినదగ్గవి. ఒక ఆవు రోజుకి దాదాపు 100 కిలోల పచ్చగడ్డి మేసి, 85 లీటర్ల నీళ్ళు తాగి, 25 లీటర్ల పాలిస్తుంది. 35 కిలోల చీజ్ చక్రం ఒకటి చెయ్యడానికి 400 లీటర్ల పాలు పడతాయి. అంటే పదహారు ఆవుల ఒకరోజు కష్టం ఒక చక్రం. గ్యాలరీ మీద నిలబడి కిందికి చూస్తే నాలుగు రాగి కాగులు కనిపిస్తాయి, ఒక్కొక్కటి 4,800 లీటర్లు పడుతుంది. కాగుకి పన్నెండు చక్రాలు. నాలుగూ నిండిన రోజు నలభై ఎనిమిది. చలికాలంలో పాలు తగ్గుతాయి కాబట్టి కాగులూ తగ్గుతాయి.

పని సాధారణంగా తొమ్మిది నుంచి పన్నెండున్నర మధ్య సాగుతుంది. సీజన్‌ని బట్టి వేళలు మారతాయి, ముందు రోజు వాళ్ళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. కానీ ఆ వేళ తెలిస్తే సరిపోదు. ఆ మూడున్నర గంటల్లో ఏ నిమిషంలో ఏం జరుగుతుందో తెలియకపోతే, పదిన్నరకి వచ్చి కదలని తెల్లటి పాలని చూసి, 'ఇంతేనా' అనుకుని వెళ్ళిపోతారు. అలా వెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ.

వరస ఇది. కాచని పచ్చి పాలని కాగులో దాదాపు 32 డిగ్రీలకి వెచ్చబెడతారు. మన పెరుగుకి తోడు వేసినట్టే ముందు తోడు బాక్టీరియా కలిపి, ఆ తర్వాత పాలని గడ్డకట్టించే రెన్నెట్ వేస్తారు. రెన్నెట్ వేశాక 35, 40 నిమిషాలు ఏమీ జరగదు. కలపరు, కదపరు, పాలు గడ్డకట్టేదాకా వదిలేస్తారు. ఈ వ్యవధిలో గ్యాలరీలో నిలబడి కాళ్ళు నొప్పి పుట్టించుకునే బదులు ప్రదర్శన గదులు తిరిగి రావచ్చు. కొండ మీద ఆవులు మేసే మొక్కల, ఎండుగడ్డి వాసనలు చూసే గొట్టాలు ఉన్నాయి, అవి బాగున్నాయి.

తిరిగొచ్చేసరికి గడ్డని కోయడం మొదలవుతుంది. తీగల చట్రాలు కాగులో తిరుగుతూ పెద్ద గడ్డని గోధుమ గింజంత ముక్కలు చేస్తాయి. తయారీదారు మధ్యమధ్య కాగు అంచుకి వంగి, మోచేతి దాకా చెయ్యి ముంచి, గుప్పెడు గింజలు పైకి తీసి పిడికిట్లో నొక్కి, విడదీసి చూస్తాడు. యంత్రాలు, గడియారాలు అన్నీ ఉన్నా ఆపాలా వద్దా తేల్చేది ఆ పిడికిలి. గింజలు పెద్దవైతే లోపల తేట నీళ్ళు మిగిలిపోయి నెలల తర్వాత చీజ్ పులుస్తుంది. మరీ పొడైతే తేటతో పాటు కొవ్వు కొట్టుకుపోయి చక్రం ఎండిపోతుంది. తర్వాత కలుపుతూనే 40, 45 నిమిషాల పాటు 57 డిగ్రీల దాకా వేడి చేస్తారు. ఇది చూడ్డానికి మామూలుగా ఉంటుంది, వదిలేసినా పర్వాలేదు.

వదలకూడనిది ఆ తర్వాతి ఘట్టం. కాగులో ఉన్నదంతా పంపుతో ఒక్కసారిగా గుండ్రటి అచ్చుల్లోకి వస్తుంది. తేట అన్ని వైపుల నుంచీ కారిపోతుంది, నిమిషాల్లో పన్నెండు అచ్చులు తెల్లగా నిండుతాయి. అచ్చు అంచునే చీజ్ పేరు, డెయిరీ గుర్తు పక్కల మీద పడేలా ముద్ర ఉంటుంది. ఆపైన ప్రెస్సు కిందకి. ఒత్తిడి క్రమంగా 900 కిలోల దాకా పెంచుతూ దాదాపు ఇరవై గంటలు అలాగే ఉంచుతారు, మరునాడు ఒకరోజంతా ఉప్పునీళ్ళలో వేస్తారు. కాబట్టి కోత మొదలయ్యే వేళకి చేరి, అచ్చులు నిండేదాకా ఉండేలా గంటన్నర పెట్టుకోండి. టికెట్ కౌంటర్‌లో 'ఇప్పుడు కాగు ఏ దశలో ఉంది' అని ఒక్క మాట అడిగితే చెప్తారు.

అద్దాల అవతలి మాగే గది ఇంకో ఆకర్షణ. స్ప్రూస్ చెక్క పలకల మీద 7,000 చక్రాలు. ఒక రోబో వరసల మధ్య తిరుగుతూ ఒక్కో చక్రాన్ని లాగి, ఉప్పునీటితో తోమి, తిరగేసి పెడుతుంది. పైచెక్కు గట్టిపడి గోధుమరంగు తిరగడానికి కారణం ఈ ఉప్పునీళ్ళ తోమకమే. కనీసం ఐదు నెలలు మాగితేనే దాన్ని గ్రుయేర్ అని అమ్మనిస్తారు. పది నెలలు దాటితే 'రిజర్వ్'.

ఇక్కడి నియమాలు ఎంత కచ్చితమంటే ఆవుకి సైలేజీ, అంటే పాతరేసి పులియబెట్టిన మేత, పెట్టకూడదు. అది పట్టింపు కాదు. పులిసిన మేతలో పుట్టే ఒక రకం బాక్టీరియా బీజాలు పాలల్లోకి చేరితే, మాగే నెలల్లో లోపల గ్యాస్ పుట్టి చక్రం ఉబ్బి పగులుతుంది. పాలు కాచరు కనక ఆ తిప్పలు మేత దగ్గరే ఆపాలి. ఈ నియమాల ప్రకారం చేసినదాన్నే గ్రుయేర్ అని అమ్మాలనే మూలస్థాన రక్షణ హోదా 2001లో వచ్చింది.

ప్యాకెట్‌లోని మూడు ముక్కలు 6, 8, 10 నెలలవి. ఆ వరసలోనే తినండి. ఆరు నెలలది మెత్తగా, పాలతీపితో ఉంటుంది. పది నెలలదాంట్లో పంటి కింద కరకరమనే తెల్ల చుక్కలు ఉప్పు కావు, మాంసకృత్తులు విడిపోయి గట్టిపడిన టైరోసిన్ పలుకులు. పెద్ద పెద్ద కన్నాల కోసం వెతక్కండి, అవి ఎమెంటాల్ అనే మరో స్విస్ చీజ్‌వి. ఇక్కడ కన్నాలు ఉండవు, ఉన్నా చిన్నవి. అమూల్ చీజ్‌కి అలవాటైన నాలుకకి మొదటి ముక్క కాస్త ఘాటుగా తగలొచ్చు, మూడోదానికి సర్దుకుంటుంది. పాలల్లోని లాక్టోజ్ అనే చక్కెర అరగనివాళ్ళు కూడా దీన్ని తినొచ్చు, మాగే క్రమంలో అది దాదాపు మిగలదు. పాల అలర్జీ ఉన్నవాళ్ళు మాత్రం తినకూడదు.

మన శాకాహారులు టికెట్ కొనకముందే తెలుసుకోవాల్సింది ఒకటుంది. గ్రుయేర్‌లో వాడే రెన్నెట్ దూడ పొట్ట నుంచి తీసేది. ఇది మార్చుకోగలిగే అలవాటు కాదు, తయారీ నియమాల్లో ఉన్నదే. చీజ్ పాలతోనే కదా అని తినేసి తర్వాత తెలిసి బాధపడే కుటుంబాలున్నాయి. నిష్ఠగా ఉండేవాళ్ళు తయారీ చూడొచ్చు, రుచి వదిలెయ్యాలి. కరిగించిన చీజ్‌లో రొట్టె ముంచి తినే ఫోండ్యూకీ, చీజ్ వేసిన సూప్‌కీ ఇదే వర్తిస్తుంది. ఇక్కడి మీగడకి మాత్రం ఈ బెడద లేదు.

మొలెజాన్ సంగతి వేరు. బస్సులో మొలెజాన్ పల్లెకి చేరితే అక్కడ పదిహేడో శతాబ్దపు చెక్క పెంకుల ఇంట్లో, మే నుంచి సెప్టెంబరు దాకా, ఉదయం పది గంటలకి మొదలుపెడతారు. కాగు కొయ్య చేతికి వేలాడుతూ ఉంటుంది. మంట మీదకి తిప్పడం, పక్కకి తిప్పడం, అదే ఇక్కడి గ్యాస్ నాబ్. అద్దం లేదు, పొగ కళ్ళలోకి వస్తుంది, వేడి ముఖానికి తగులుతుంది. గడ్డ తయారయ్యాక తయారీదారు గుడ్డ అంచుని వంచిన బద్దకి చుట్టి, కాగు అడుగు దాకా దింపి, మొత్తాన్ని ఒక్క ఊపులో పైకి లాగే క్షణం ప్రాంజీలో పంపు చేసే పనే, కానీ అక్కడ కనిపించని బరువు ఇక్కడ ఆయన భుజాల్లో కనిపిస్తుంది. గది చిన్నది, పది దాటాక వస్తే వీపులే కనిపిస్తాయి. పావుగంట ముందే చేరండి. ఉబ్బసం ఉన్నవాళ్ళు తలుపు దగ్గర నిలబడటం మేలు.

ఒక్క ఉదయమే ఉంటే ఏది? వేసవైతే, పెద్దవాళ్ళే వెళ్తుంటే మొలెజాన్. వాన రోజు, చలికాలం, స్ట్రోలర్‌లో బిడ్డ, మోకాళ్ళ నొప్పుల అమ్మమ్మ, వీటిలో ఏది ఉన్నా ప్రాంజీ.

రెండు కేంద్రాల మధ్య కాలిబాట ఉంది, పాత చీజ్ ఇళ్ళని కలుపుతూ సాగుతుంది, సుమారు రెండు గంటల నడక. పొద్దున్న బస్సులో పైకెళ్ళి, పదింటి ప్రదర్శన చూసి, దిగువకి నడవడం మంచిది. పైకి నడిచి పదింటికి అందుకోవాలంటే ఏడున్నరకే బయల్దేరాలి. వాన పడ్డ మర్నాడు పచ్చిక వాలు జారుతుంది, స్పోర్ట్స్ షూ చాలదు, అడుగున పట్టు ఉన్న బూట్లు కావాలి. దారిలో ఆవుల మంద అడ్డొస్తే దూడల్ని ముట్టుకోవద్దు, కంచె గేటు దాటాక మళ్ళీ మూసెయ్యండి. ఇంకా పైకెళ్ళాలనుకుంటే పల్లె నుంచి ఫ్యునిక్యులర్ (తాడుతో లాగే కొండ రైలు), ఆపైన కేబుల్ కారు కలిపి 2,002 మీటర్ల శిఖరానికి చేరుస్తాయి. మబ్బు పట్టిన రోజు ఆ డబ్బు దండగ.

కోట ఊళ్ళో రాళ్ళు పరిచిన ఒకే ఒక పెద్ద వీధి. కార్లు రానివ్వరు. రెండు పక్కలా హోటళ్ళు, మీగడ, ఆవు మెడ గంటల దుకాణాలు. పదకొండు నుంచి నాలుగు దాకా బస్సుల జనం. కోట పదమూడో శతాబ్దంలో కట్టింది. చివరి ప్రభువు మిషెల్ అప్పుల్లో మునిగి 1554లో దివాలా తీస్తే అప్పులిచ్చిన ఫ్రిబూర్, బెర్న్ రాజ్యాన్ని పంచుకున్నాయి. లోపల గంట చాలు. దారిలో స్విస్ చిత్రకారుడు గీగర్ మ్యూజియం ఉంది, ఎముకలూ యంత్రాలూ కలిసిపోయిన వింత జీవుల లోకం. చిన్నపిల్లల్ని తీసుకెళ్ళకండి, రాత్రి నిద్రపోరు. ఎదురుగా ఉన్న బార్ కప్పంతా వెన్నుపూసల ఆకారం, ఒక కాఫీ తాగి చూడ్డానికి అది చాలు. రాత్రి బసకి గోడల లోపలి హోటళ్ళు ఖరీదు, గదులు తక్కువ. అయినా ఐదు దాటాక వీధి ఖాళీ అయ్యే తీరు చూస్తే ఆ డబ్బు దండగనిపించదు. బడ్జెట్ చూసుకునేవాళ్ళకి బ్యూల్ నయం, సూపర్ మార్కెట్లు కూడా అక్కడే ఉన్నాయి.

తిండిలో మొదటిది ఫోండ్యూ. ఇక్కడిది 'మొయిత్యే మొయిత్యే', సగం గ్రుయేర్, సగం వాష్రాన్ అనే మరో చీజ్. మనిషికి సుమారు 200 గ్రాముల చీజ్, వైట్ వైన్, వెల్లుల్లి, చిక్కదనానికి కాస్త కార్న్‌ఫ్లోర్. మరిగినా ఆ వైన్ పూర్తిగా పోదు. ముట్టనివాళ్ళు, పిల్లలున్నవాళ్ళు 'ఫోండ్యూ ఓ వాష్రాన్' అడగాలి, అది నీళ్ళతో చేస్తారు. దీనికి సన్నటి మంట చాలు. మంట ఎక్కువైతే కొవ్వు విడిపోయి చీజ్ తీగలు సాగుతుంది. వాళ్ళు కింద చిన్న దీపంలాంటిదే పెట్టడానికి కారణం అది, పెంచమని అడగొద్దు. రొట్టెకి బదులు ఉడికించిన చిన్న బంగాళాదుంపలు దీనికి బాగా నప్పుతాయి. రొట్టె ముక్కని అడుగుదాకా ముంచి తిప్పుతూ ఉండాలి, తిప్పడం ఆపితే పాత్ర అడుగంటుతుంది. ఆఖర్న అడుగున మిగిలే కరకరలాడే పొర కోసం బల్ల దగ్గర పోట్లాట జరుగుతుంది, అది మీ వంతుకి అడగండి. మనిషికి 25 నుంచి 35 ఫ్రాంకులు అవుతుంది. నలుగురికి మూడు పాళ్ళు చెప్పి పక్కన ఒక సలాడ్ తీసుకుంటే కడుపుకి హాయి. వేసవి మధ్యాహ్నం ఫోండ్యూ తిని కొండెక్కాలనుకోవడం మాత్రం సాహసమే.

ఈ ఊరికి వచ్చి తినకుండా వెళ్ళకూడనిది చీజ్ కూడా కాదు, డబుల్ క్రీమ్. చెక్క గిన్నెలో చెంచా నిలబడేంత చిక్కటి మీగడ, పక్కన గుల్ల మెరింగ్. మీగడ పుల్లగా ఉండదు, చక్కెర కలపరు, కాబట్టి మెరింగ్ తీపి దానికి సరిపోతుంది. మెరింగ్ గుడ్డు తెల్లసొనతో చేసేది. గుడ్డు తిననివాళ్ళు మీగడని బెర్రీ పళ్ళతో తెప్పించుకోవచ్చు. ఇద్దరికి ఒక ప్లేటు ఎక్కువే.

మధ్యాహ్నం ఖాళీగా ఉంటే బ్రోక్‌లో కయ్యే చాక్లెట్ ఫ్యాక్టరీ ఉంది, 1898 నుంచి అక్కడే. బ్యూల్‌లో రైలు మారాలి. టూర్ చివర కావలసినన్ని రుచి చూడనిస్తారు. సెలవుల్లో టైమ్ స్లాట్ ముందే బుక్ చెయ్యకపోతే చాలాసేపు నిలబడాలి. సెప్టెంబరు చివరి శనివారం షార్మేలో ఆవులు పూలు కట్టుకుని కొండ దిగే ఉత్సవం. అది చూడాలంటే గది నెలల ముందు పట్టాలి, వద్దనుకుంటే ఆ శనివారం ఈ లోయకి రాకపోవడమే మంచిది.

కొనుగోళ్ళు చివరి రోజే పెట్టుకోండి. ప్రాంజీ డెయిరీ దుకాణంలో అరకిలో ముక్క కోయించి వాక్యూమ్ ప్యాక్ అడిగితే చేసిస్తారు. గట్టి చీజ్ కనక ప్యాకింగ్ చెదరకపోతే రోజంతా ప్రయాణంలో ఏమీ కాదు, ఇంటికెళ్ళాక ఫ్రిజ్‌లో వారాలు నిలుస్తుంది. విప్పాక ప్లాస్టిక్‌లో కాకుండా కాగితంలో చుట్టి పెట్టండి, లేదంటే చెమటపట్టి బూజు తొందరగా వస్తుంది. 'ఆల్పాజ్' అని రాసి ఉంటే అది వేసవిలో కొండ ఇళ్ళలో చేసినది, ఖరీదు ఎక్కువ. ముక్క తీసుకునేటప్పుడు అంచు నుంచి మధ్య దాకా రంగు ఒకేలా ఉందో లేదో చూడండి. చెక్కు కింద బూడిదరంగు పట్టీ మందంగా ఉంటే మరో ముక్క అడగండి. జర్మనీ, ఫ్రాన్స్‌లకి తీసుకెళ్ళడానికి అడ్డులేదు. హైదరాబాద్ విమానం ఎక్కేవాళ్ళు పాల పదార్థాల మీద కస్టమ్స్ నిబంధనలు చూసుకుని కొనాలి. డబుల్ క్రీమ్ డబ్బా, రెడీమేడ్ ఫోండ్యూ ప్యాకెట్ చేతి సంచిలో పెడితే విమానాశ్రయంలో ద్రవపదార్థం కింద తీసేసుకుంటారు. క్రీమ్ అయితే స్టేషన్ బెంచీ మీద కూర్చుని తినేసి రైలెక్కండి.